గవ్వలతో నెలల చక్రం
తెలుగు నేర్పే ఉపాధ్యాయుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం

అందరికీ నమస్కారం. నెలల పేర్లు నేర్పడానికి ఆటెందుకండీ, రోజూ నాలుగుసార్లు వల్లె వేయిస్తే వారంలో వచ్చేస్తాయిగా అనే మాట ప్రతి శిక్షణలోనూ వస్తుంది. వచ్చేస్తాయి, కాదనను. చైత్రం, వైశాఖం, జ్యేష్ఠం, ఆషాఢం అని అందుకుంటే ఫాల్గుణం దాకా ఊపిరి తీసుకోకుండా చెప్పేస్తారు. అలా చెప్పిన పిల్లనే పిలిచి "కార్తీకానికి ముందు ఏ నెలమ్మా?" అని అడిగి చూడండి. కళ్లు పైకెత్తి, పెదవులు కదుపుతూ, మళ్లీ చైత్రం దగ్గర్నుంచి మొదలుపెడుతుంది. ఏడెనిమిదులెంత అంటే ఎక్కమంతా మొదటినుంచి చదివినట్టు. ఆ పిల్లకి వరస వచ్చింది, నెలలు రాలేదు.

ఇవాళ నేను చెప్పబోయే ఆట ఆ వరసని తెంచడానికి. అంతకంటే పెద్ద లాభం ఇంకోటుంది. మన పన్నెండు నెలల పేర్లూ ఒక్కసారి మనసులో అనుకోండి. అన్నీ సున్నాతోనే ముగుస్తాయి. తెలుగు కొత్తగా నేర్చుకునేవాళ్లు తడబడేది సరిగ్గా ఈ సున్నా దగ్గరే. "పుస్తకంకి", "సాయంత్రంకి", "కార్తీకంకి" అంటారు. ఇళ్లలో తెలుగు మాట్లాడే పిల్లలే చాలామంది ఇప్పుడిలా అంటున్నారు. లో, నుంచి, దాకా, తర్వాత... వీటి ముందు సున్నా అలాగే ఉంటుంది. కార్తీకంలో, కార్తీకం నుంచి, కార్తీకం తర్వాత. 'కి' దగ్గరికొచ్చేసరికి కార్తీకానికి అవుతుంది. ఒకే అచ్చులో పోసిన పన్నెండు మాటలు, అదీ చక్రంలా తిరిగేవి, భాషలో ఇంకెక్కడా ఇంత తేలిగ్గా దొరకవు. కాబట్టి ఆట అయిపోయాక పిల్లలకి పుష్యం గుర్తుండకపోయినా నాకేం బెంగ లేదు. "పుస్తకానికి" అని వాళ్లంతట వాళ్లు అనాలి, అదీ నాక్కావలసింది.

ముందు ఎవరికి, ఎప్పుడు ఆడించాలో చెప్తాను. మీలో కొందరు విదేశాల్లో శని, ఆదివారాల్లో తెలుగు తరగతులు నడుపుతున్నారు. ఇంకొందరు హైదరాబాద్ సీబీఎస్ఈ బడుల్లో చెప్తున్నారు. తెలంగాణలో అన్ని బడుల్లోనూ తెలుగు తప్పనిసరి చేసిన 2018 చట్టం వచ్చాక అక్కడ హిందీ, ఉర్దూ, మరాఠీ, తమిళం మాట్లాడే ఇళ్ల పిల్లలూ తెలుగు పాఠంలో కూర్చుంటున్నారు. ఎవరికైనా సరే, మొదట జనవరి, ఫిబ్రవరి. బయట మనం మాట్లాడేది వాటితోనే. వాటి మీద ఎక్కువ కాలం పెట్టకండి, పేర్లు వాళ్లకి ముందే తెలుసు. "జూన్‌లో", "జూన్ నుంచి ఆగస్టు దాకా", "వచ్చే నెల", "కిందటి నెల" అనడం వస్తే చాలు. చైత్రం, వైశాఖం ఆ తర్వాతి మెట్టు.

ఆ మెట్టు మీద కూడా పన్నెండూ ఒకేసారి గుమ్మరించకండి. జనం నోట్లో ఇంకా ఆడుతున్న పేర్లతో మొదలుపెట్టండి. ఆషాఢం పేరుని బట్టల కొట్ల తగ్గింపు అమ్మకాల బోర్డులే నేర్పుతాయి. శ్రావణం పేరంటాలకి, కార్తీకం దీపాలకీ వనభోజనాలకీ, మాఘం పెళ్లి ముహూర్తాలకి. ఈ నాలుగూ ఇంట్లో అమ్మమ్మ ఫోన్‌లో మాట్లాడుతుంటే పిల్లల చెవినపడేవే. మొదటి వారం ఈ నాలుగే. ఇవి కుదురుకున్నాక మధ్య ఖాళీలు నింపుకుంటూ పోతే మిగతా ఎనిమిదీ వాటంతట అవే వాటి చోట్లలో కూర్చుంటాయి.

సరే, సామగ్రి. ఎనిమిది మందికి ఒక చక్రం. ఏ4 సైజు మందపాటి కాగితాలు ఆరు తీసుకుని సగానికి కత్తిరిస్తే పన్నెండు కార్డులు. పదమూడో కార్డొకటి అదనంగా కావాలి, దాని సంగతి తర్వాత. నాలుగు గవ్వలు. గవ్వలు లేకపోతే నాలుగు చింతపిక్కలు ఒక పక్క తెల్లగా వచ్చేదాకా గరుకు నేల మీద అరగదీయండి. బయటి దేశాల్లో ఎక్కువగా గింజ తీసిన చింతపండే దొరుకుతుంది కాబట్టి అక్కడ సీసా మూతలకి ఒక పక్క రంగు వేసుకోండి. పిల్లకొక పావు: గుండీ, రంగురాయి, ఏదైనా. కార్డుల్ని గుండ్రంగా, అడ్డంగా ఒక మీటరు వచ్చేలా పరవండి. అలా పరిస్తే కార్డుకీ కార్డుకీ మధ్య నాలుగు వేళ్లకి కాస్త ఎక్కువ సందు వస్తుంది. ఎనిమిది మంది చుట్టూ కూర్చుంటే అందరికీ చెయ్యి అందుతుంది.

కార్డు మీద పేరు స్కెచ్ పెన్‌తో అంగుళం ఎత్తున రాయండి. ఇక్కడ మూడు విషయాలు చూసుకోవాలి. ఒకటి, ఒకటి నుంచి పన్నెండు దాకా అంకెలు వేయొద్దు. అంకె కనిపిస్తే పిల్లలు కూడికలు చేసుకుంటారు, నెల పేరు ఎత్తరు. రెండు, ఋతువుకొక రంగు అంటూ కార్డంతా పులమకండి. సన్నటి అంచు గీస్తే చాలు. లేకపోతే "ఆకుపచ్చ దాంట్లో ఉన్నాను" అంటారు. మూడోది ఆట మొదలయ్యేదాకా ఎవరికీ తట్టదు. గుండ్రంగా కూర్చున్నప్పుడు అవతలి పక్క కార్డులు తలకిందులుగా కనిపిస్తాయి. మొదటిరోజు పేరుని కార్డు పై అంచునా కింది అంచునా ఎదురెదురుగా రెండుసార్లు రాసి పెట్టండి. రెండో వారం నుంచి ఒక పక్కే రాసినవి వాడండి. అప్పుడు ఎదురుగా ఉన్నవి చదవడం కష్టమై, గుర్తు తెచ్చుకోవాల్సి వస్తుంది. మనక్కావలసింది అదే.

కార్డులు మీరు పరవకండి. కలిపేసి పిల్లల చేతికివ్వండి, వాళ్లే పేరుస్తారు. ఫాల్గుణం పక్కకి చైత్రం వచ్చి చక్రం మూసుకోవాలి. గోడ మీద నిలువుగా రాసిన పట్టికలో ఫాల్గుణం తర్వాత ఏమీ ఉండదు. అందుకే పట్టిక చూసి నేర్చుకున్న పిల్లలు "ఫాల్గుణం తర్వాత?" అంటే ఆగిపోతారు.

ఇప్పుడు ఆట. గవ్వల లెక్క అష్టాచెమ్మాదే. ఎన్ని వెల్లకిలా పడితే అన్ని. నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మా, నాలుగు. నాలుగూ బోర్లా పడితే అష్టా, ఎనిమిది. పిల్ల గవ్వలు వేసింది, పావు ఆషాఢంలో ఉంది, రెండు పడింది. పావు ముట్టుకోకుండా ముందు నోటితో చెప్పాలి: "నేను ఆషాఢంలో ఉన్నాను. రెండు పడింది. ఆషాఢం తర్వాత శ్రావణం, శ్రావణం తర్వాత భాద్రపదం. భాద్రపదంలోకి వెళ్తున్నాను." చెప్పాకే పావు జరపాలి. ఇదొక్కటీ గట్టిగా పట్టుకోండి: మాట ముందు, పావు తర్వాత. పావు ముందు జరిగితే ఇక మాట్లాడాల్సిన పనేముంది? చూపు కార్డుల మీదికి పోతుంది, నోరు మూతపడుతుంది. ఆట మాత్రం సందడిగానే సాగుతుంటుంది, అందుకే ఈ లోపం బయటికి కనపడదు. పావు ముందు ముట్టుకుంటే ఆ వంతు పోయినట్టే అని మొదట్లోనే చెప్పేయండి.

జరిపిన వెంటనే ఎడమ పక్కనున్న పిల్ల ఒక ప్రశ్న అడుగుతుంది: "భాద్రపదానికి ముందు ఏ నెల?" జవాబు పూర్తి వాక్యంలో రావాలి: "భాద్రపదానికి ముందు శ్రావణం." ప్రశ్నలో 'కి' ఉంది, జవాబులో 'కి' ఉంది. ఎనిమిది మంది ఒక్కో వంతు ఆడేసరికి ఆ రూపం పదహారుసార్లు వినిపిస్తుంది, ఐదు చుట్లకి ఎనభైసార్లు. "భాద్రపదంకి" అని వచ్చిందనుకోండి, ఆట ఆపి వ్యాకరణం చెప్పకండి. సరైన రూపాన్ని మీరొకసారి అనండి, పిల్ల తిరిగి అంటుంది, గవ్వలు పక్కవాళ్ల చేతికి వెళ్తాయి.

ఇక్కడ రెండు తప్పులు తప్పకుండా వస్తాయి. మొదటిది లెక్కలో. నిలబడ్డ గడిని కూడా ఒకటి కింద లెక్కబెట్టి, ఆషాఢం ఒకటి, శ్రావణం రెండు అంటారు. "తర్వాత" అనే మాటతో అడుగు వేయించేది అందుకే. "ఆషాఢం తర్వాత" అన్నాక మళ్లీ ఆషాఢం అనడానికి వీల్లేదు. రెండో తప్పుకి పిల్లల్ని అనలేం. మనం "ముందుకు వెళ్లు" అంటే భాద్రపదం వైపు, "ముందు నెల" అంటే శ్రావణం. ఒకే మాట రెండు దిక్కులు చూపిస్తుంటే కొత్తవాళ్లు తికమకపడకేం చేస్తారు? ఆట ఆడించేటప్పుడు పావు గురించి మాత్రం "ముందుకు" అనకండి. "జరుపు", "వెనక్కి తే" అనండి. "ముందు" అనే మాటని నెలలకే వదిలేయండి.

అష్టా పడినప్పుడు ఆట రుచే వేరు. పన్నెండు గడుల చక్రంలో ఎనిమిది ముందుకెళ్లినా నాలుగు వెనక్కొచ్చినా చేరేది ఒకచోటికే. కార్తీకంలో ఉన్నవాడికి అష్టా పడితే, మార్గశిరం, పుష్యం, మాఘం, ఫాల్గుణం, చైత్రం, వైశాఖం, జ్యేష్ఠం, ఆషాఢం. వెనక్కి వస్తే ఆశ్వయుజం, భాద్రపదం, శ్రావణం, ఆషాఢం. ఈ కిటుకు మీరు బయటపెట్టకండి. వేసినవాడు ఎనిమిది ముందుకు చెప్పాలి, ఎదుటివాడు "కార్తీకానికి ముందు ఆశ్వయుజం" అంటూ నాలుగు వెనక్కి చెప్పాలి. ఇద్దరూ ఒకచోట కలవకపోతే ఎవరో ఒకరు తప్పినట్టు. టీచర్ అక్కర్లేకుండానే తప్పు బయటపడుతుంది.

కాలం లెక్క వేసుకోండి. బోర్లా, వెల్లకిలా పడే అవకాశం సమానమనుకుంటే సగటున ఒక వేతకి రెండున్నర గడులు. పన్నెండు గడులు తిరిగి రావడానికి సుమారు ఐదు వేతలు. గవ్వల్ని బట్టి కాస్త అటూ ఇటూ అవుతుంది. ఒక్కొక్కరి వంతుకి అరనిమిషం. ఎనిమిది మందికి ఒక చుట్టు నాలుగు నిమిషాలు, ఐదు చుట్లు ఇరవై నిమిషాలు. నలభై నిమిషాల పీరియడ్‌లో హాయిగా సరిపోతుంది, చివర్లో నాలుగు వాక్యాలు రాయించడానికీ తీరిక ఉంటుంది. అదే ఇరవై నాలుగు మందిని ఒకే చక్రం చుట్టూ కూర్చోబెట్టారనుకోండి, ఒక్కో పిల్లకి వంతు రావడానికి పన్నెండు నిమిషాలు పడుతుంది. ఆ పన్నెండు నిమిషాలూ వాళ్లు ఏం చేస్తారో మీకు నేను చెప్పక్కర్లేదు. (నవ్వులు) మూడు చక్రాలు పెట్టండి. కాగితాలకి బద్ధకించి ఒక్కటే పెట్టేవాళ్లే "ఆటలతో గోల తప్ప చదువు రాదు" అని ఫిర్యాదు చేసేది.

ఆటలోని రెండో మెట్టులో కార్డులు బోర్లించడం మొదలవుతుంది. పావు ఏ కార్డు మీంచి లేస్తే ఆ కార్డు బోర్లించాలి. వెనక పండగ బొమ్మ ఉంటుంది, పేరుండదు. మూడు నాలుగు చుట్లలో పేర్లన్నీ మాయమై, బొమ్మలే మిగులుతాయి. ఇప్పుడు వాక్యం మారుతుంది: "జ్యేష్ఠంలో ఏరువాక పున్నమి వస్తుంది." మార్గశిరం దగ్గర ఏ బొమ్మ వేయాలో తోచక చాలామంది ఆగిపోతారు. సుబ్బరాయ షష్ఠి ఉంది, పుట్ట బొమ్మ వేయండి. పుష్యానికి సంక్రాంతి ముగ్గు. సంక్రాంతి తిథిని బట్టి కాక సూర్యుణ్ని బట్టి వచ్చే పండగ కదా, పుష్యం కార్డు మీద వేయొచ్చా అని అడుగుతారు. నిశ్చింతగా వేయండి. సూర్యుడు మకరంలో ప్రవేశించే చాంద్రమాసాన్నే పుష్యం అంటాం. తిథి ఏటేటా మారుతుంది కానీ మన లెక్కలో నెల అదే. ధనుర్మాసం మాత్రం ఈ పన్నెండులో లేదు, అది సౌరమాసం. "మా ఇంట్లో ధనుర్మాసం చేస్తాం, అదెక్కడ?" అని ఎవరైనా అడిగితే మార్గశిరానికీ పుష్యానికీ వెలుపల ఒక చీటీ పెట్టి, రెండింటి మీదా పరుచుకుంటుందని చూపించండి.

రకరకాల ఇళ్ల పిల్లలున్న తరగతిలో అసలు తగువు ఈ మెట్టులోనే వస్తుంది. మీరు శ్రావణం కార్డు వెనక కృష్ణాష్టమి ఉట్టి బొమ్మ వేస్తారు. ఉత్తరాది పిల్ల "కాదు టీచర్, భాదోంలో" అంటుంది, అంటే భాద్రపదంలో అని. ఆ పిల్లది తప్పు కాదు. మన నెల అమావాస్యతో ముగుస్తుంది, వాళ్ల నెల పున్నమితో ముగుస్తుంది. శుక్లపక్షంలో రెండు లెక్కలూ కలుస్తాయి. బహుళపక్షం వచ్చేసరికి మనం ఇంకా శ్రావణంలోనే ఉంటాం, వాళ్లు భాద్రపదంలోకి దాటేస్తారు. శివరాత్రి కూడా అంతే, మనకి మాఘం, వాళ్లకి ఫాల్గుణం. అందుకని కలగలుపు తరగతుల్లో కార్డు వెనక శుక్లపక్షపు పండగలే వేయండి: ఉగాది, అక్షయ తృతీయ, తొలి ఏకాదశి, రాఖీ, వినాయక చవితి, దసరా, కార్తీక పున్నమి, రథసప్తమి, హోళీ. ఎవరితోనూ పేచీ ఉండదు. దీపావళి లేని పండగల ఆటేంటని పిల్లలు ఊరుకోరు కాబట్టి దీపం బొమ్మని ఆశ్వయుజానికీ కార్తీకానికీ మధ్య సందులో నేల మీద పెట్టండి. మన లెక్కలో అది ఆశ్వయుజం ఆఖరి రోజు, కాబట్టి సందులో సరిగ్గా కుదురుతుంది. బతుకమ్మ పువ్వు భాద్రపదానికీ ఆశ్వయుజానికీ మధ్య సందులో. భాద్రపద అమావాస్యనాడు ఎంగిలిపూలతో మొదలై సద్దుల బతుకమ్మతో ఆశ్వయుజంలో ముగుస్తుంది. "భాద్రపదం నుంచి ఆశ్వయుజం దాకా" అనిపించడానికి అంతకంటే మంచి పండగ దొరకదు.

మరాఠీ, కన్నడ పిల్లలతో ఏ ఇబ్బందీ లేదు, వాళ్ల లెక్కా మన లెక్కా ఒకటే. తమిళుల చిత్తిరై ఏప్రిల్ నడుమ మొదలవుతుంది, అది సూర్యుడి లెక్క. పేరు దగ్గరగా ఉంది కదా అని చైత్రంతో కలిపేయకండి. ఇక ఉర్దూ మాట్లాడే ఇళ్ల పిల్లల్ని ఈ ఆటలో పక్కన కూర్చోబెట్టేవాళ్లున్నారు. అది అన్యాయం, పైగా ఒక మంచి పాఠం చేజారిపోతుంది. వాళ్లవీ చంద్రుడి నెలలే. నెలవంక బొమ్మ ఒకటి వాళ్ల చేతికిచ్చి, "ఈ ఏడు రంజాన్ ఏ నెలలో వచ్చింది?" అని అడగండి. 2026లో రంజాన్ దాదాపు పూర్తిగా ఫాల్గుణంతో కలిసి నడుస్తుంది. "రంజాన్ ఫాల్గుణంలో వచ్చింది" అని పిల్లాడే నెలవంకని తీసుకెళ్లి పెడతాడు. 2027లో అది మాఘంలోకి జరుగుతుంది. ఎందుకు జరుగుతుంది? మధ్యలో మనం ఒక నెల కలుపుకుంటాం, వాళ్లు కలుపుకోరు.

ఇదిగో, ఆ పదమూడో కార్డు. చంద్రుడి లెక్కలో ఏడాదికి 354 రోజులు, సుమారు పదకొండు తక్కువ. ఉగాది తేదీలు బోర్డు మీద రాసి చూపించండి: 2024లో ఏప్రిల్ 9, 2025లో మార్చి 30, 2026లో మార్చి 19. ఇలా వెనక్కి జారుతూ పోతే ఉగాది ఎండాకాలం ముంగిట్లోంచి చలికాలంలోకి పోతుంది. అందుకే ముప్పై రెండు ముప్పై మూడు నెలలకోసారి ఒక అధికమాసం. 2026లో అధిక జ్యేష్ఠం, మే 17 నుంచి జూన్ 15 దాకా. దాంతో 2027 ఉగాది మళ్లీ ఏప్రిల్ 7కి వస్తుంది. కార్డు మీద "అధిక జ్యేష్ఠం" అని రాసి వైశాఖానికీ నిజ జ్యేష్ఠానికీ మధ్య పెట్టి ఒక ఆట ఆడించండి. అప్పుడు అష్టా పడితే ఇందాకటి కిటుకు పనిచేయదు, ఎనిమిది ముందుకి వేస్తే ఐదు వెనక్కి అవుతుంది. పిల్లలు ఎక్కడ తప్పామా అని లెక్క మళ్లీ మళ్లీ చెప్పుకుంటారు. చెప్పుకోనివ్వండి, ప్రతి లెక్కా మనక్కావలసిన వాక్యాలతోనే కదా నడిచేది.

ఋతువుల గురించి ఒక్క మాట. గ్రీష్మం అంటే జ్యేష్ఠ, ఆషాఢాలు అని పాఠంలో ఉంటుంది. జూన్‌లో బడి తెరిచేసరికి వాన పడుతుంటుంది, ఆషాఢమంతా గొడుగులే. మెల్‌బోర్న్ పిల్లలకైతే చైత్రంలో ఆకులు రాలుతాయి. కాబట్టి ఋతువుల పేర్లని పాఠంగా చెప్పండి గానీ ఆటలోకి తేకండి. "మా ఊళ్లో ఆషాఢంలో వానలు పడతాయి" లాంటి చూసి చెప్పే వాక్యం దానికంటే నయం.

ఉచ్చారణకి వేరే కాలం అక్కర్లేదు. విదేశాల్లో పెరిగే పిల్లలు ఫాల్గుణంలో 'ఫ'ని పై పళ్లు కింది పెదవికి ఆనించి పలుకుతారు. పెదవులు రెండూ కలిపి 'ప' అనిపించి, దానికి ఊపిరి చేర్చమనండి. అరచెయ్యి నోటి ముందు పెట్టుకుంటే గాలి తగలాలి. జ్యేష్ఠం పూర్తిగా రాకపోతే వదిలేయండి, తెలుగువాళ్లలోనే చాలామంది "జేష్టం" అంటారు.

(సభలో ఒక ఉపాధ్యాయురాలు: మాది ఆన్‌లైన్ తరగతండీ. అక్కడ ఎలా ఆడించాలి?)

ఆడించొచ్చమ్మా, కాకపోతే ఎనిమిది మంది కాదు, ఆరుగురే. ఒకసారికి ఒకరి గొంతే సరిగ్గా వినిపిస్తుంది, పైగా మైక్ తెరవడం మర్చిపోతుంటారు, అందుకని వంతుకి ముప్పావు నిమిషం వేసుకోండి. చక్రం మీ బల్ల మీద పరిచి, ఫోన్‌ని పైనుంచి కిందికి చూసేలా బిగించండి. గవ్వలు పిల్లల ఇంట్లోనే వేయించండి, ఎంత పడిందో వాళ్లే తెలుగులో చెప్పాలి. పావు మీరే జరపాలి, అది కూడా వాళ్లు నెల పేరు చెప్పాకే. అక్కడ గుండ్రంగా కూర్చోవడం, ఎడమ పక్క అనేవి ఉండవు కాబట్టి ప్రశ్న అడిగే వంతు ఎవరిదో ముందే పేర్ల వరసలో రాసి తెర మీద ఉంచండి. గోడ మీద నెలల పట్టిక ఉన్న ఇళ్లు కొన్ని ఉంటాయి. పిల్లలు కెమెరా వెనకనున్న ఆ పట్టిక చూసి చదివేస్తారు. వాళ్ల వంతు వచ్చినప్పుడు "తర్వాత" బదులు "ముందు" అడగండి.